బోర్డు లేని పాత బుల్లెట్ల షెడ్డు, కంచరపాలెం

బండి రేపు పొద్దున్నకల్లా చేతికి రావాలనుకునేవాళ్లు ఈ షెడ్డు వైపు వెళ్లకండి. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిశ్చింతగా రాసుకోవచ్చు. నెలల తరబడి కదలకుండా ఉండిపోయిన పాత బుల్లెట్‌ని, అదీ కార్బొరేటరు, పాయింట్లు (కలుస్తూ విడిపోతూ స్పార్క్ పుట్టించే రెండు చిన్న లోహపు మొనలు) ఉన్న పాత కాలపు బండిని, అనవసరంగా ఇంజన్ విప్పకుండా మళ్లీ రోడ్డెక్కించే మనిషి వైజాగ్‌లో ఎవరైనా ఉన్నారా అని నాలాగా ఊరంతా అడిగి తిరుగుతున్నవాళ్ల కోసం ఇది.

షెడ్డుకి పేరు లేదు, బోర్డు లేదు. మేస్త్రి గారిని అడిగాను, మీ గురించి రాస్తాను, పేరు వెయ్యమంటారా అని. "వొద్దమ్మా. ఉన్న బళ్లకే టైము సాలక సస్తన్నాను. ఇంకా జనాన్ని తెచ్చి నా మీద పడేస్తారేటి?" అన్నాడు. అందుకని ఆయన పేరు, ఫోన్ నంబరు ఇక్కడ ఉండవు. కంచరపాలెం మెట్టు దగ్గర ఏ పంక్చర్ షాపులో అడిగినా, పాత బుల్లెట్ల మేస్త్రి అంటే చెయ్యి చూపిస్తారు. రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, చెట్టుకి ఆనించి ఇంజన్ లేని ఫ్రేము ఒకటి. ఆ ఫ్రేము ఎవరిదో, ఎన్నాళ్ల నుంచి ఉందో ఆయనకీ గుర్తులేదట.

నా బండి 1988 నాటి బుల్లెట్ స్టాండర్డ్ 350. మా బాబాయిది. మోకాలి ఆపరేషన్ అయ్యాక కిక్ కొట్టొద్దని డాక్టరు చెప్పడంతో, ఎవడికో అమ్మేకంటే నువ్వే నడుపుకో అమ్మలూ అని విజయనగరం నుంచి తెచ్చి ఇచ్చాడు. 346 సీసీ, కాస్ట్ ఐరన్ ఇంజన్, నాలుగు గేర్లు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్త బుల్లెట్లకి అలవాటు పడ్డవాళ్లకి ఇస్తే మొదటి సిగ్నల్ దగ్గరే బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు. అందుకే ఎవరికీ ఇవ్వను.

నేను బ్యాంకులో పని చేస్తాను. పోయిన వానాకాలం మొదట్లో డిప్యుటేషన్ మీద విజయవాడ వెళ్లాల్సి వచ్చింది. బండి లాసన్స్ బే కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉండిపోయింది. అక్కణ్నుంచి సముద్రం నడిచి వెళ్లేంత దూరం. మా వీధిలో కిటికీ గ్రిల్స్‌కి ఏడాదికోసారి పెయింట్ వేయించకపోతే చేతికి తుప్పు అంటుకుంటుంది. దానికి తోడు తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మా వాచ్‌మన్ మంచి మనసుతో బండికి నీలం టార్పాలిన్ కప్పి, తాడుతో గట్టిగా బిగించి కట్టాడు. లోపలి తేమ బయటికి పోయే దారి లేదు. సంక్రాంతికి ఊరికి తిరిగి వచ్చి విప్పితే లోపల ఒక రకమైన ముక్కిన వాసన. స్పోకుల మీద తుప్పు పొర, హ్యాండిల్ మీద తెల్లటి మచ్చలు, క్లచ్ లివర్ నొక్కితే వెనక్కి రాదు.

మంచు పడే దేశాల్లో చలికాలమంతా బండిని లోపల పెట్టి ఎండలు రాగానే బయటికి తీస్తారు. అక్కడ దాని కోసం పెట్రోల్లో కలిపే మందులు, బ్యాటరీకి తగిలించి వదిలేసే చార్జర్లు అన్నీ దొరుకుతాయి. మన వైపు అది తలకిందులు. వానల్లో, తుపాన్లలో బండి లోపల, చలికాలంలో బయట. అరకు, లంబసింగి వెళ్లాలంటే డిసెంబరు, జనవరే కదా. సీజన్ ఏదైతేనేం, నిలవ ఉన్న పెట్రోలు, ఖాళీగా పడి ఉన్న బ్యాటరీ పాడయ్యే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే. ఉప్పు గాలి మనకి అదనం.

ఈ షెడ్డుకి రాకముందు బండి ఇంకో గ్యారేజీకి వెళ్లొచ్చింది. పేరు అనవసరం. ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి ఎక్కించుకుపోయారు. ఏసీ హాలు, కాఫీ మిషను, గోడ నిండా లడఖ్ ఫొటోలు. ఫారం నింపుతూ ఆ అబ్బాయి "సార్ నంబరు ఇవ్వండి మేడం, అప్‌డేట్స్ పంపిస్తాం" అన్నాడు. ఏ సారు నంబరు ఇవ్వాలో నాకు అర్థం కాలేదు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఎస్టిమేట్ వచ్చింది. ఆయిల్ తినేస్తోంది కాబట్టి ఇంజన్ దింపాలి, సిలిండర్ బోరు చేయించాలి, పిస్టన్ మార్చాలి, కొత్త కార్బొరేటరు, కొత్త బ్యాటరీ, వైరింగ్ మొత్తం. 38,000 రూపాయలు, పైన ట్యాక్సు. బండి వెనక్కి తెప్పించుకున్నాక చూస్తే స్పార్క్ ప్లగ్గు క్యాప్‌కీ సిలిండర్ హెడ్‌కీ మధ్య అల్లుకున్న సాలెగూడు అలాగే ఉంది. ప్లగ్గు కూడా విప్పకుండా పిస్టన్ పోయిందని తేల్చేశారన్నమాట. బాబాయికి ఫోన్‌లో చెబితే, తలనొప్పి అని వెళ్తే తల తీసేస్తానన్నట్టుంది, ముందు అక్కణ్నుంచి బండి తెచ్చుకో అన్నాడు. కంచరపాలెం మేస్త్రి సంగతి చెప్పింది కూడా బాబాయే. రైల్వేలో పనిచేసిన ఆయన స్నేహితులందరి బళ్లూ ఒకప్పుడు అక్కడికే వెళ్లేవట.

మేస్త్రి బండి తీసుకెళ్లడానికి మనిషిని పంపడు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని మనమే తీసుకెళ్లాలి. లాసన్స్ బే నుంచి నాకు 700 అయింది. దింపగానే కిక్ కొట్టి చూస్తాడేమో అనుకున్నాను. కిక్ రాడ్ జోలికే పోలేదు. పెట్రోల్ ట్యాంకు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, తర్వాత నన్ను చూడమన్నాడు. పెట్రోల్ వాసన కాదది, పాత వార్నిష్ డబ్బా వాసన.

ఆ తర్వాత చేసిన పని నాకు బాగా నచ్చింది. ట్యాప్ పైపు ఊడదీసి ట్యాంకులోది కొంచెం ఖాళీ వాటర్ బాటిల్‌లోకి పట్టి, దాన్ని స్టూలు మీద పెట్టి, టీ తాగి వద్దాం పదమన్నాడు. తిరిగి వచ్చేసరికి బాటిల్‌లో రెండు పొరలు తేరుకున్నాయి. పైన తేనె రంగు పెట్రోలు. అడుగున రెండు వేళ్ల మందాన మసక నీళ్లు. ఆ నీళ్ల కింద ఎర్రటి తుప్పు రజను. బాటిల్ కాస్త వంచితే రెండింటి మధ్య గీత స్పష్టంగా వంగుతోంది.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఎక్కువగా ఇథనాల్ కలిసిన పెట్రోలే. 20 శాతం కలిపిన ఈ20 అమ్మకం మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇథనాల్‌కి తేమను పట్టుకునే గుణం ఉంది. తేమ ఓ మోతాదు దాటితే ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగిపోతాయి. పెట్రోల్ ట్యాప్ ఉండేదీ అడుగునే. అంటే ఎన్నాళ్లకో తీసి కిక్ కొడితే కార్బొరేటరులోకి మొదట వెళ్లేది ఆ నీళ్లే. అలా ఎంతసేపు తన్నినా స్టార్ట్ కాదు, కాలు మాత్రం పోతుంది. ట్యాంకు సగం ఉంచి పెడితే సమస్య ఇంకా ఎక్కువ, ఖాళీ సగంలో ఉన్న గాలిలోని తేమ లోపలి రేకు మీదే నీరు పడుతుంది. "పెట్టెయ్యాల్సి వొస్తే ట్యాంకు ఫుల్ చేసి పెట్టండి. ట్యాప్ కట్టేసి, ఇంజన్ దానంతట అది ఆగిందాకా తిప్పండి. కార్బొరేటరు ఖాళీ అయిపోతాది" అన్నాడు. మా వాచ్‌మన్‌కి కూడా చెప్పమన్నాడు, కప్పితే పాత దుప్పటి కప్పమని, టార్పాలిన్ వద్దని.

ట్యాంకు కడిగిన తీరు చూడాల్సిందే. ఊడదీసి, లోపల పాత సైకిల్ చైన్ ముక్క వేసి, లీటరు డీజిల్ పోసి, మూతలు బిగించి కుర్రాడి ఒళ్లో పెట్టాడు. వాడు గోనెసంచి మీద కూర్చుని, ఫోన్‌లో పాటలు పెట్టుకుని అటూ ఇటూ ఊపుతూనే ఉన్నాడు. మధ్యమధ్యలో ఒంపితే టీ డికాక్షన్ లాంటిది వస్తోంది. తేటగా వచ్చేదాకా అదే పని, చివర్న కొంచెం పెట్రోలుతో తొలిపారు. లోపల కోటింగ్ ఏమైనా వేయిస్తే మంచిదా అని అడిగాను. ఆ కోటింగే పొరలుగా ఊడొచ్చి జెట్టులో, అంటే కార్బొరేటరులో పెట్రోలు దూరే సన్నటి కన్నంలో, అడ్డం పడిన బళ్లు తన దగ్గరికి వచ్చాయని, ఇంత తుప్పుకి అవసరం లేదని చెప్పాడు. అమ్ముకోగలిగిన పనిని వద్దని చెప్పే మనిషి మీద నాకు అక్కడే గురి కుదిరింది.

ప్లగ్గు ఆ సాయంత్రమే తీశాడు. ఆ కన్నంలోంచి కొంచెం ఇంజన్ ఆయిల్ సిలిండర్‌లోకి వదిలి, గుడ్డ కుక్కి రాత్రంతా ఉంచేశాడు. మర్నాడు టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూశాడు. పిస్టన్ కదిలింది. పట్టేసి ఉంటే ఎలా అని అడిగితే, అప్పుడు ఇంజన్ విప్పేవాణ్నే అన్నాడు. విప్పాల్సి వస్తే విప్పుతాడు, కానీ విప్పక తప్పదని తేలాకే.

ఇక 38,000 ఎస్టిమేట్‌లో మొదటి లైను, ఆయిల్ తినేయడం. పాత బుల్లెట్‌లో ఆయిల్ అన్ని బళ్లలోలాగా ఇంజన్ అడుగున ఉండదు. ఇంజన్ వెనక భాగంలో దానికో అర ఉంటుంది. అక్కణ్నుంచి పంపు లాగి లోపలికి పంపిస్తుంది, ఇంకో పంపు వెనక్కి తెస్తుంది. బండి నెలల తరబడి నిలబడిపోతే ఆ అరలో ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లమెల్లగా కిందికి, క్రాంక్ తిరిగే గదిలోకి జారిపోతుంది. వెట్ సంపింగ్ అంటారు. అప్పుడు ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఎండిపోయి కనబడుతుంది. తెలియనివాళ్లు ఆయిల్ అయిపోయిందని పైనుంచి ఇంకో లీటరు పోస్తారు. స్టార్ట్ చేయగానే అదంతా బ్రీదర్ పైపులోంచి (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే పైపు) బయటికి కక్కుతుంది, సైలెన్సర్‌లోంచి వీధంతా పొగ. చూశారా, ఇంజన్ పోయింది అంటారు.

మేస్త్రి కింద ట్రే పెట్టి, క్రాంక్ గది అడుగు బోల్టు విప్పాడు. నల్లగా, చిక్కగా కారుతూనే ఉంది. కొలిచి చూపించాడు, పోయిందన్న ఆయిల్ దాదాపు మొత్తం అక్కడే ఉంది. "ఎవడూ తినలేదమ్మా. కిందకి దిగి పడుకుంది" అన్నాడు. పాతదంతా తీసేసి కొత్త 20డబ్ల్యూ50 ఆయిల్ రెండు లీటర్ల పైచిలుకు పోశాడు. వెంటనే స్టార్ట్ చేయలేదు. ఇంజన్ పైభాగంలో వాల్వుల్ని నొక్కే రాకర్లకి వెళ్లే సన్నటి ఆయిల్ పైపు బోల్టు ఒకటి వదులు చేసి, ప్లగ్గు లేకుండానే కిక్ తిప్పిస్తూ కూర్చున్నాడు. ఆ బోల్టు పక్కనుంచి ఆయిల్ బొట్టు ఊరాకే బిగించాడు. పైదాకా ఆయిల్ వెళ్లిందన్న నమ్మకం లేకుండా ఇంజన్ తిప్పకూడదట. ఏసీ హాలు వాళ్లు ఈ పాటి పని చేసి ఉంటే నా దగ్గర వాళ్లడిగిందంతా ఇచ్చేదాన్నేమో.

పాయింట్ల దగ్గర ఇంకో ముచ్చట. మూత తీస్తే రెండు పాయింట్ల మొహాలూ బూడిద రంగుకి తిరిగి ఉన్నాయి. ఉప్పు గాలికి చిలుము పట్టి కరెంటు సరిగా దాటడం లేదు. కొత్త సెట్టు వేస్తాడనుకున్నాను. సన్నటి ఎమరీ పేపర్‌తో రెండుసార్లు సుతారంగా రుద్ది, సొరుగులోంచి పాత శుభలేఖ ఒకటి తీశాడు. దాని అంచు నుంచి వేలెడు వెడల్పున పట్టీ కత్తిరించి, పాయింట్ల మధ్య పెట్టి మూసి లాగాడు. అట్ట మీద నల్లటి గీత పడింది. ఇంకో చోట పెట్టి లాగాడు, గీత పలచబడింది. అట్ట తెల్లగా వచ్చేవరకూ లాగుతూనే ఉన్నాడు. ఎమరీ రజను కొంచెం ఉన్నా స్పార్క్ రాదని, గుడ్డతో తుడిస్తే దారం పోగు ఉండిపోతుందని, శుభలేఖ అట్ట నున్నగా గట్టిగా ఉంటుంది కాబట్టి దీనికి అదే సరైనదని చెప్పాడు. తర్వాత ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టి గ్యాప్ పదిహేను థౌ ఉంచాడు, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఈ పనికి పైసా ఖర్చు లేదు. ఆ పెళ్లెవరిదో కానీ, వాళ్లకి నా ఆశీస్సులు.

కార్బొరేటరు విప్పితే స్లో జెట్టు పూర్తిగా మూసుకుపోయి ఉంది. గోధుమరంగు జిగురు. దాన్ని పిన్నుతో పొడవలేదు. ఎలక్ట్రిక్ వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి దాంతో శుభ్రం చేశాడు. ఇనుప పిన్ను పెడితే ఇత్తడి జెట్టు కన్నం పెద్దదై బండి పెట్రోలు తాగుతుందట. కార్బొరేటరు మార్చాల్సిన పనే లేదు. క్లచ్ కేబులు మార్చాడు. యాక్సిలరేటర్ కేబులుకి మాత్రం పాలిథిన్ కవరు మూల కత్తిరించి గరాటులా పై చివర కట్టి, అందులో ఆయిల్ పోసి గోడ మేకుకి వేలాడదీశాడు, రాత్రంతా దిగి పొద్దున్నకి కింది చివర బొట్టు కట్టింది. లోపల అతుక్కుపోయిన క్లచ్ ప్లేట్లు, క్లచ్ పట్టుకుని నాలుగు కిక్కులు తిప్పగానే విడిపోయాయి.

బ్యాటరీ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మీటరు పెడితే 11.4 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 దాకా చూపించాలి. రాత్రంతా తక్కువ కరెంటు మీద చార్జింగ్ పెట్టి, తీసేశాక ఓ పూట వదిలి మళ్లీ చూశాడు. 12.5 దగ్గర నిలబడింది. కొత్తది అక్కర్లేదన్నాడు. బ్రేకు లైనర్లు రుద్దాడు. వెనక టైరు మాత్రం తప్పలేదు, పక్కల సన్నటి పగుళ్లు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నాదాని మీద 2315 ఉంది, అంటే 2015 జూన్ నాటిది. పట్టు చూసి మోసపోకండి, అంకెలు చూడండి.

స్టార్ట్ చేసే రోజు నన్ను రమ్మన్నాడు, కిక్ నేనే కొట్టాలని. బాబాయి నేర్పిన పద్ధతి ఒక్కటే, గట్టిగా తన్ను అని. ఈయన పద్ధతి వేరు. తాళం తిప్పితే హెడ్‌లైట్ పైన కరెంటు చూపించే ఆమ్మీటర్ ముల్లు మైనస్ వైపు వాలుతుంది, పాయింట్లు కలిసి ఉన్నాయని అర్థం. కిక్ మెల్లగా నొక్కుతూ పోతే ఒక చోట గట్టిపడుతుంది, ముల్లు మధ్యకి వస్తుంది. అక్కడ ఆగాలి. ఎడమ చేతి దగ్గరున్న చిన్న డీకంప్రెసర్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడిని వదిలేసేది) నొక్కి, కిక్ ఇంకో రెండంగుళాలు దింపి, లివర్ వదిలెయ్యాలి. కిక్‌ని పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా కాలి మీద వేసి ఒక్కసారిగా కిందదాకా తొక్కాలి. సగంలో ఆపితే ఎదురు తన్నుతుంది, మడమ పోతుంది. నేను యాభై కేజీల మనిషిని. ఈ పద్ధతిలో నాకు బలం చాలకపోవడమన్నదే లేదు. మా పక్కింటి అబ్బాయి తోడు వచ్చాడు, జిమ్ముకి వెళ్తాడు, తను కొడతానని ఉబలాటపడ్డాడు. "బండి అమ్మగారిది" అని మేస్త్రి వాణ్ని పక్కకి జరగమన్నాడు. మొదట్నుంచీ అంతే, అబ్బాయి ప్రశ్న అడిగినా జవాబు నాకే చెప్పాడు. ఆడవాళ్లు బండి పట్టుకుని గ్యారేజీకి వెళ్తే ఇది ఎంత అరుదో వెళ్లినవాళ్లకి తెలుస్తుంది.

స్టార్ట్ అయింది. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ వచ్చి కాసేపటికి తగ్గింది. పొడుగు స్క్రూడ్రైవర్ మొన టాపెట్ మూత మీద, పిడి చెవిలో పెట్టుకుని విన్నాడు. నచ్చలేదు. కట్టేసి, ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, వాల్వులు తెరవడానికి రాకర్లని పైకి నెట్టే పుష్ రాడ్లు రెండు వేళ్లతో తిప్పించి చూపించాడు. చేత్తో సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందకీ ఆడకూడదు. ఎగ్జాస్ట్ వైపుది ఆడుతోంది. సరిచేశాక ఆ చప్పుడు పోయి, ఇంజన్ తన పాత నిదానపు డుగు డుగు దగ్గర నిలబడింది.

ట్రయల్‌కి ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా సింహాచలం కొండ ఎక్కించాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో సెకండ్ గేరులో ఎక్కడా ఊపిరి ఆడనట్టు కాలేదు. రెండుకీ మూడుకీ మధ్య ఫాల్స్ న్యూట్రల్ (ఏ గేరూ పట్టకుండా ఖాళీగా ఉండిపోవడం) ఇంకా పడుతోంది, అది ఆ గేరు బాక్సుకి పుట్టుకతో వచ్చిందే, తీసేస్తానన్నవాణ్ని నమ్మకండి అన్నాడు మేస్త్రి. అప్పటి నుంచి ఆదివారాలు భీమిలి రోడ్డు మీద తిప్పుతున్నాను. ఆయిల్ పుల్ల మీద గీత కిందికి దిగలేదు. అన్నట్టు, రోడ్డు మీదికి తీసేముందు కాయితాలు చూసుకోండి. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. బండి పడుకున్న నెలల్లో ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు చెప్పాపెట్టకుండా అయిపోతాయి.

ఖర్చు: ఇంజన్ ఆయిల్ 1,150, ప్లగ్గు 120, పెట్రోల్ పైపు, ట్యాప్ వాషర్లు 180, క్లచ్ కేబులు 200, బ్యాటరీ చార్జింగ్ 100, మేస్త్రి కూలి 2,500. మొత్తం 4,250. టైరు, ట్యూబు బయట కొని ఇచ్చాను, అది వేరే 2,600. తీసేసిన కేబులు, పాత ప్లగ్గు కవరులో వేసి చేతికిచ్చాడు. లెక్క క్యాలెండర్ కాయితం వెనక పెన్సిల్‌తో రాసిచ్చాడు, బిల్లు అంటే అదే. ఆఫీసులో క్లెయిమ్ చేసుకునేవాళ్లకి పనికిరాదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన విషయాలు. సంక్రాంతి వారంలో ఇచ్చేస్తానన్న బండి రథసప్తమి వెళ్లాక చేతికొచ్చింది. ఫోన్ ఎత్తడు. ఎత్తితే కుర్రాడు ఎత్తుతాడు, వాడికి తెలిసిన జవాబు "అవుతాందండి" ఒక్కటే. ఏ పని ఎప్పుడు చేస్తాడో ముందు చెప్పడు కాబట్టి మూడు పూటలూ వెళ్లి నిలబడాలి. నిలబడటం అని ఊరికే అనలేదు, కూర్చోడానికి ఉన్నది ఒక్క ప్లాస్టిక్ స్టూలు, దాని మీద ఎప్పుడూ ఏదో ఒక కార్బొరేటరు ఉంటుంది. మా బ్యాచ్ లంబసింగి వెళ్లేటప్పుడు నేను వెనక కారులో కూర్చుని వెళ్లాను. దాని గురించి ఆయనకి చెబితే "మంచు మళ్లీ ఏడాదీ వొస్తాది, ఇంజన్ రాదు" అన్నాడు. సమాధానం బాగానే ఉంది కానీ కోపం తగ్గలేదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి పూర్తిగా టైముకే. పనికి తగ్గించడానికి ఏమీ కనబడలేదు. కొత్త మోడల్ ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లు, స్కూటర్లు తీసుకోడు. వైరింగ్ పని చేయడు, హారన్ మోగకపోతే వేరే ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపిస్తాడు. పెయింటు, క్రోమ్ ప్లేటింగు కూడా అంతే, నా మడ్‌గార్డు తుప్పు ఇంకా అలాగే ఉంది. మధ్యాహ్నం భోజనం వేళ షెడ్డు మూసేసి ఉంటుంది, మంగళవారం సెలవు. డబ్బులు నోట్లే, ఫోన్ పే లేదు. పండగ ముందు కాకుండా వానలు మొదలయ్యే ముందు వెళ్తే ఖాళీగా దొరుకుతాడని కుర్రాడు చెప్పాడు. జూన్‌లో బండి పెట్టేసేముందు నేనూ అలాగే తీసుకెళ్తాను.